రోగి శరీరం విద్యార్థి చేతిలో అమానతు

వైద్యవిద్య పుస్తకంతో మొదలై రోగి మంచం దగ్గర పరిపూర్ణమవుతుంది. శవాన్ని కోసి నేర్చుకునే పాఠం వేరు. బాధతో, భయంతో కళ్ళు తెరచి చూస్తున్న మనిషి వద్ద నేర్చుకునే పాఠం వేరు. రెండవ పాఠంలో విద్యార్థికి కలిగే లాభం స్పష్టమే. కాని రోగి ఆసుపత్రికి వచ్చింది తన జబ్బు నయం చేయించుకోవడానికే గాని మరొకరికి చదువు చెప్పడానికి కాదు. మన యువతీ యువకులు వైద్య కళాశాలలలో చేరుతున్న ఈ రోజులలో, శిక్షణ కాలంలో వారు రోగి పట్ల పాటించవలసిన హద్దులేమిటో, వాటిని గురించి షరీఅత్ ఏమంటున్నదో తెలుసుకోవడం అవసరం.

రోగి ఎదుట వైద్యం నేర్పే పద్ధతి ముస్లిముల చరిత్రలో చాలా పాతది. అబూ బకర్ రాజీ మధ్యలో కూర్చుంటే ఆయన చుట్టూ శిష్యులు, వారి వెనుక ఆ శిష్యుల శిష్యులు వరుసలుగా కూర్చునేవారని ఇబ్నె నదీమ్ ‘ఫిహ్‌రిస్త్’లో వర్ణించాడు. వచ్చిన రోగి మొదట వెనుక వరుసవారికి తన బాధ చెప్పుకొనేవాడు. వారికి అంతుపట్టకపోతే విషయం ముందు వరుసకు చేరేది. వారికీ తెలియకపోతే చివరకు రాజీ స్వయంగా చెప్పేవారు. పదవ శతాబ్దపు వైద్యుడు అలీ బిన్ అబ్బాస్ మజూసీ కూడా, విద్యార్థి నిపుణులైన గురువుల వెంట ఉండి ఆసుపత్రులను విడువకుండా రోగుల స్థితిగతులను గమనిస్తూ ఉండాలని బోధించాడు. 12వ శతాబ్దంలో నూరుద్దీన్ జంగీ డమాస్కస్‌లో నెలకొల్పిన ఆసుపత్రిలో ప్రధాన వైద్యుడు రోగులను చూచి వచ్చిన తరువాత శిష్యులతో గంటల తరబడి చర్చలు జరిపేవాడు. ఈ పద్ధతులన్నింటిలోను విద్యార్థికి చోటున్నది. కాని అతని వెనుక ఎల్లప్పుడు గురువు ఉన్నాడు.

ఇక ధర్మశాస్త్రం సంగతి. వైద్యం తెలిసినవాడుగా పేరులేని వ్యక్తి వైద్యం చేస్తే, జరిగిన నష్టానికి అతడే జామీనుదారు అన్న భావంగల హదీసును అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా ఉల్లేఖించారు. తెలుగులో మనం వాడే ‘జామీను’ అన్న మాటకు మూలమైన అరబీ ధాతువే ఆ హదీసులోను ఉన్నది. ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మతుల్లాహి అలైహ్) ‘జాదుల్ మఆద్’లో ఈ హదీసును వివరిస్తూ ఒక సూక్ష్మమైన భేదం చూపారు. వైద్యుని అజ్ఞానం ఎరిగి కూడా రోగి అనుమతించి ఉంటే ఆ వైద్యునిపై నష్టపరిహార భారం లేదు. కాని అతడు వైద్యుడేనని నమ్మి, ఆ నమ్మకంతోనే రోగి అనుమతి ఇచ్చి ఉంటే ఆ భారం తప్పదు.

ఈ భేదాన్ని నేటి వార్డులో ఉంచి చూడండి. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు చూచి రోగి విద్యార్థిని డాక్టరుగారనే అనుకుంటాడు. విద్యార్థి మౌనంగా ఉంటే ఆ భ్రమ మీదనే అనుమతి పుడుతున్నది. అటువంటి అనుమతి అనుమతి కాదు. కనుక “నేను ఇంకా చదువుకుంటున్నాను, మా సారు పర్యవేక్షణలో మిమ్మల్ని పరీక్షించవచ్చునా?” అని అడగడం కేవలం మర్యాద కాదు, ధర్మబాధ్యత. రోగి వద్దంటే మనసులో నొచ్చుకోకుండా పక్కకు తప్పుకోవాలి. ఆ కారణంగా అతని చికిత్సలో ఏ లోపమూ రాకూడదు.

శరీర గోప్యత విషయంలో మరొక సూత్రం ఉన్నది. అవసరం నిషేధాన్ని సడలిస్తుంది, అయితే ఆ అవసరం ఎంత మేరకో అంత మేరకే అని ఫిఖ్‌హ్ పండితులు నిర్ణయించారు. రోగ నిర్ధారణకు వైద్యుడు ఒకసారి పరీక్షించడంతో రోగి అవసరం తీరింది. ఆ తరువాత పదిమంది విద్యార్థులు ఒకరి తరువాత ఒకరు అదే పొట్టను నొక్కి చూడడం రోగి అవసరం కాదు, విద్యార్థుల అవసరం. సమాజంలో వైద్యులు ఉండడం ఫర్జె కిఫాయా కాబట్టి ఈ అవసరం కూడా న్యాయమైనదే. కాని దానిని రోగిపై రుద్దే హక్కు మనకు లేదు. విడిగా అడిగి పొందాలి. స్త్రీల పరీక్షలోను, మత్తులో ఉన్న రోగి విషయంలోను ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. మత్తులో ఉన్నవారు కాదనలేరు గనుక వారి అనుమతి ముందుగానే తీసుకొని ఉండాలి.

తెలియనిదాని వెంట పడవద్దని, వినికిడిని, చూపును, హృదయాన్ని గురించి ప్రశ్నించడం జరుగుతుందని ఇస్రా సూరా 36వ ఆయత్ హెచ్చరిస్తున్నది. కొలవకుండానే కేస్‌షీటులో బీపీ అంకె వేయడం, వినని గుండె చప్పుడును విన్నట్లు రాయడం ఈ హెచ్చరిక కిందికే వస్తాయి. ఆ అంకెను నమ్మి పై డాక్టరు మందు మార్చవచ్చు. అలాగే రోగి చెప్పిన కుటుంబ రహస్యాలు, అతని గాయాల ఫోటోలు స్నేహితుల ఫోన్లలోకి చేరడం అమానతులో ఖియానత్. 1981లో కువైట్‌లో జరిగిన ఇస్లామీయ వైద్య మహాసభ రూపొందించిన నియమావళిలోని ప్రమాణంలో రోగి రహస్యాలను కాపాడే ప్రతిజ్ఞ ఉన్నది.

మన దేశపు నిబంధనలు కూడా ఈ దారినే నడుస్తున్నాయి. హౌస్‌సర్జన్లు పై వైద్యుల పర్యవేక్షణలోనే పనిచేయాలని, తమ సంతకంతో వైద్య ధ్రువపత్రాలు, మరణ ధ్రువపత్రాలు ఇవ్వరాదని 1997 నాటి నిబంధనలు ఆదేశించాయి. 2019 నుండి అమలైన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ప్రవర్తన, నైతికత, రోగితో సంభాషణ ప్రత్యేక బోధనాంశాలయ్యాయి. అయితే నిబంధన పరీక్ష రోజున గుర్తుండవచ్చు. అర్ధరాత్రి డ్యూటీలో ఎవరూ చూడని వేళ గుర్తు చేసేది దైవభీతి ఒక్కటే.

ప్రభుత్వ ఆసుపత్రిలో మంచం దొరికితే చాలుననుకొని వచ్చిన పేదవాడు మన విద్యార్థులకు గురుదక్షిణ అడగని గురువు. అతని పేరు పెట్టి పిలవడం, తెర లాగి పరీక్షించడం, చల్లని చేతులను వేడిచేసుకొని తాకడం, వెళ్తూ ఒక కృతజ్ఞతా వాక్యం చెప్పడం మనం చెల్లించగల కనీసపు దక్షిణ. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమన్న దివ్య ఖుర్ఆన్ ఆజ్ఞను మన విద్యార్థులు వార్డులలో నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.