నీటిలోకి దూకే ముందు లోతు చూశారా?

వేసవి సెలవులు వస్తే మన పిల్లల నోట స్విమ్మింగ్ పూల్ మాట తప్ప వేరే మాట ఉండదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద అపార్టుమెంట్లు చాలావాటిలో పూల్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే మన యువతీయువకులు వారాంతంలో మొయినాబాద్, చేవెళ్ళ, శంకర్‌పల్లి రిసార్టులకు వెళ్తారు. (ఆదివారం ఆరాధన ముగించుకొనే వెళ్తున్నారని నమ్ముదాం.) ఈత మంచి వ్యాయామమే. నీటిలో మునిగిపోతామన్న భయం అందరికీ ఉంటుంది. కాని తల ముందుకు పెట్టి దూకితే మెడ విరుగుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఈత బాగా వచ్చినవారికే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ధైర్యంగా దూకేది వారే.

అసలు ఏమి జరుగుతుంది? నాలుగడుగుల నీటిలో తలక్రిందులుగా దూకితే తల అడుగున ఉన్న గచ్చుకు కొట్టుకుంటుంది. వెనుక నుండి శరీరం బరువంతా మెడ మీద పడుతుంది. మెడలో ఉన్న ఏడు పూసల్లో ఐదవది, ఆరవది ఎక్కువగా నలుగుతాయి. వాటి మధ్యగా వెళ్ళే వెన్నుపాము మన చిటికెన వేలంత లావు కూడా ఉండదు. అది దెబ్బ తింటే ఆ క్షణంలోనే కాళ్ళు చేతులు చచ్చుబడతాయి. ముఖం నీటిలో ఉన్నా పక్కకు తిప్పుకోలేరు. ఒడ్డున ఉన్నవారు మాత్రం ఆటలాడుతున్నాడని అనుకుంటారు!

ప్రాణం దక్కినా ఆ తర్వాత జీవితం ఎలా ఉంటుందో నర్సులకు తెలుసు. పడకపుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. మూత్రానికి గొట్టం కావాలి. అన్నం ఒకరు తినిపించాలి. దెబ్బ మెడ పైభాగంలో తగిలితే ఊపిరికి కూడా యంత్రం కావలసివస్తుంది.

మన పాఠకులలో కొందరికి జోనీ ఎరిక్సన్ టాడా పేరు తెలిసే ఉంటుంది. నోటితో కుంచె పట్టి బొమ్మలు వేసే అమెరికా రచయిత్రి. 1967 జూలై 30న, పదిహేడేళ్ళ వయసులో, చెసపీక్ అఖాతంలో దూకారు. అక్కడ నీరు ఆమె అనుకున్నంత లోతు లేదు. మెడ విరిగి అప్పటి నుండి చక్రాల కుర్చీలోనే ఉన్నారు. ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంటాము సరే, ఆ దూకు సంగతి కూడా పిల్లలకు చెప్పండి.

తల ముందుగా దూకాలంటే కనీసం తొమ్మిది అడుగుల లోతు ఉండాలని రెడ్‌క్రాస్ వారు చెబుతారు. అపార్టుమెంటు పూల్‌లో అంత లోతు సాధారణంగా ఉండదు. గోడ మీద 1.2 అని రాసి ఉంటే అవి మీటర్లు, అంటే నాలుగడుగులే. అక్కడ మెట్ల మీదుగా, కాళ్ళు ముందుగా దిగడమే పద్ధతి. క్రింద ఎవరైనా ఉన్నారేమో చూడాలి. తడి గచ్చు మీద పరుగెత్తకూడదు. మద్యం తాగినవారిని నీటి దగ్గరికే రానివ్వకూడదు. గబగబా పదిసార్లు గాలి పీల్చి, ఎవరు ఎక్కువసేపు మునుగుతారో అని పందెం వేయడం కూడా ప్రమాదమే. ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే స్పృహ తప్పుతుంది.

పూల్ కంటే మోసకరమైనవి క్వారీ గుంతలు. మన చుట్టుపక్కల రాయి కొట్టి వదిలేసిన గుంతలలో వానకు నీరు నిలుస్తుంది. పైకి పచ్చగా, ప్రశాంతంగా ఉంటాయి. అడుగున బండ ఉందో, ఇనుప చువ్వ ఉందో కనబడదు. ఒక అడుగు వేస్తే మోకాలి లోతు, ఇంకొక అడుగుకు నిలువు లోతు. పైకి ఎక్కడానికి పట్టు కూడా దొరకదు.

నది సంగతి వేరు. 2025 ఫిబ్రవరిలో హంపి దగ్గర సనాపూర్‌లో, హైదరాబాద్ నుండి వెళ్ళిన ఒక యువతి బండ మీద నుండి తుంగభద్రలోకి దూకి ప్రవాహంలో కొట్టుకుపోయి మరణించింది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది ప్రాణాలు కోల్పోయారు. వారు దిగినప్పుడు నీరు తక్కువే. పైన ఉన్న లార్జీ డ్యామ్ నుండి నీరు వదలగానే నది పెరిగిపోయింది. కాబట్టి దిగే ముందు, పైన డ్యామ్ ఉందా, ఎప్పుడు వదులుతారు అని స్థానికులను అడగాలి.

బాప్తిస్మం కోసం చెరువుకు వెళ్ళినప్పుడు గమనించారా? సంఘ పెద్ద ఒకరు ముందుగా దిగి, కాలితో అడుగు తడిమి, నడుము లోతు చూసుకొని, అప్పుడే మిగతావారిని పిలుస్తారు. యూత్ రిట్రీట్‌లో కూడా ఆ పని చేయడానికి ఒకరిని నియమించండి.

ఒకవేళ ప్రమాదం జరిగితే, ఈత రానివారు దూకవద్దు. తాడో, చున్నీయో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి. దూకి దెబ్బ తగిలినవారిని చేతులు పట్టి లాగవద్దు. నీటిలోనే వెల్లకిలా తిప్పి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా పట్టుకొని, బల్ల మీదకు చేర్చండి. ఊపిరి లేకపోతే మాత్రం మెడ గురించి ఆగవద్దు, వెంటనే బయటకు తీసి నోటితో ఊపిరి ఇచ్చి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం, కాళ్ళు పట్టి గిరగిరా తిప్పడం పనికిరాని పనులు. 108 కు ఫోన్ చేయండి. ఆటోలో కూర్చోబెట్టి తీసుకురావద్దు.

దూకిన తర్వాత లేచి నడుస్తున్నా, మెడ నొప్పి గాని, చేతివేళ్ళలో తిమ్మిరి గాని ఉంటే మర్దన చేయించవద్దు. మెడ కదపకుండా పడుకోబెట్టి 108 వచ్చేవరకు ఉంచండి. రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ రోజే ఎక్స్‌రే తీయించాలి.