అరవై ముంగిట యాత్రల లెక్క

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2021లో 58 నుంచి 61 ఏళ్లకు పెరిగింది. అదే ఏడాది సింగరేణి సంస్థ కూడా తన కార్మికుల విరమణ వయసును 60 నుంచి 61కి పెంచింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో జీతం మీద బతికే చాలా కుటుంబాలు ఈ రెండు నిర్ణయాల కిందికి వస్తాయి. అయితే పని మానేయడం అందరికీ ఒకే రోజున జరగదు. రిటైరైన లెక్కల మాస్టారు ఉదయం రెండు బ్యాచ్‌లకు ట్యూషన్ చెబుతారు. ఆర్టీసీ డ్రైవర్ వారానికి మూడు రోజులు ప్రైవేటు బండి నడుపుతారు. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో ఆరోగ్యం చెడి మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుడి కొలువు కారుణ్య నియామకం కింద వారసుడికి వెళ్తే, తండ్రి యాభై అయిదుకే ఇంటికి చేరి ఊళ్లో ఉన్న రెండెకరాలు చూసుకుంటాడు. సగం పని, సగం తీరిక ఉండే ఈ కాలం అయిదు నుంచి పదేళ్లు సాగుతుంది. కాళ్లూ చేతులూ బాగా ఆడేది, దూరం ప్రయాణాలకు ఒళ్లు సహకరించేది కూడా ఈ ఏళ్లలోనే. అందుకే యాత్రల ఖర్చును పూర్తి విరమణ దాకా వాయిదా వేయకుండా, ఈ కాలానికే లెక్క కట్టుకోవాలి.

లెక్క మొదలయ్యేది నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బుతో. ఇక్కడ ఒక్కో వర్గానిది ఒక్కో పరిస్థితి. 2004 సెప్టెంబర్ 1కి ముందు ప్రభుత్వ కొలువులో చేరినవారికి పాత పెన్షన్ ఉంది. దానికి కరువు భత్యం తోడై ధరలతో పాటు పెరుగుతుంది. వారు పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యుటేషన్ చేసి ఒకేసారి తీసుకోవచ్చు. కోసిన భాగం పదిహేనేళ్లకు గానీ తిరిగి కలవదు. యాత్రల మోజులోనో కొత్త బండి కోసమో కమ్యుటేషన్‌కు వెళ్లేవారు ఈ పదిహేనేళ్ల సంగతి ముందు ఆలోచించాలి. ఆ తేదీ నుంచి చేరినవారిది కంట్రిబ్యూటరీ పెన్షన్. వారి చేతికొచ్చేది మార్కెట్ మీద ఆధారపడిన నిధి.

సింగరేణి కార్మికుడికి గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గుగని భవిష్య నిధి) కలిపి ఒకేసారి పెద్ద మొత్తం అందుతుంది. 1998 నాటి బొగ్గుగని పెన్షన్ పథకం కింద వచ్చే నెలసరి పెన్షన్ మాత్రం ధరలతో పాటు పెరగదు. మొదటి నెల ఎంతో పదేళ్ల తర్వాతా అంతే. అందుకే గని కార్మికుడి కుటుంబానికి ఆ పెద్ద మొత్తమే అసలు పెన్షన్ అనుకోవాలి. కోల్‌బెల్టులో ఆ డబ్బు రాగానే ప్లాటు, పెళ్లి, కారు అంటూ ఏడాదిలో కరిగిపోవడం కొత్త కథేమీ కాదు. నెలకు ఎంత మిగులుతుందో చూసుకోకుండా ఆ మొత్తాన్ని ముట్టుకోకూడదు.

ప్రైవేటు కంపెనీల్లో పనిచేసి ఈపీఎఫ్ ఉన్నవారికి, పదేళ్ల సర్వీసు నిండితే ఈపీఎస్-95 పెన్షన్ వస్తుంది. అది చిన్నది, 2014 నుంచి కనీస మొత్తం నెలకు 1,000 రూపాయలు. సగం పని చేసుకునేవారికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. 58 ఏళ్లకు తీసుకోవాల్సిన పెన్షన్‌ను 60 దాకా ఆపితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. 50 దాటాక ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. పార్ట్‌టైమ్ పనితో ఇల్లు గడుస్తున్నవారికి రెండేళ్లు ఆగడమే లాభం. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లి ఇరవై ఏళ్లకు తిరిగొచ్చినవారికి ఇవేవీ లేవు. యాభైలో ఇంటికి చేరిన మనిషికి అటల్ పెన్షన్ యోజన తలుపు మూసుకుపోయి ఉంటుంది, అది నలభై లోపు వారికే. ఎన్‌పీఎస్‌లో మాత్రం ఆ వయసులోనూ చేరవచ్చు. గల్ఫ్ కుటుంబాలకు ఈ సమాచారం అందకపోవడం నిజంగా బాధపడాల్సిన విషయం.

చేతిలో ఉన్న మొత్తానికి నమ్మకమైన చోటు పోస్టాఫీసు, బ్యాంకుల్లోని సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. 2023 ఏప్రిల్ నుంచి పరిమితి 15 లక్షల నుంచి 30 లక్షలకు పెరిగింది, వడ్డీ 8.2 శాతమైంది. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది గానీ, ఒకసారి డిపాజిట్ చేశాక అయిదేళ్లూ అదే రేటు. అరవై నిండినవారెవరైనా చేరవచ్చు. 55 నిండాక విరమించినవారు లేదా వీఆర్ఎస్ తీసుకున్నవారు డబ్బు చేతికందిన మూడు నెలల్లోగా చేరాలి. 30 లక్షలు వేస్తే 8.2 శాతం లెక్కన ఏడాదికి 2,46,000, అంటే మూడు నెలలకోసారి 61,500 రూపాయలు. భార్యాభర్తలిద్దరికీ అర్హత ఉంటే వేర్వేరు ఖాతాలు తెరవవచ్చు. రెండేళ్లు నిండాక మధ్యలో మూసేస్తే అసలులో 1 శాతం కోత పడుతుంది. ఏడాది లోపే మూసేస్తే వడ్డీయే రాదు.

ఈ వడ్డీ మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ త్రైమాసికాలు ముగియగానే ఖాతాలో పడుతుంది. యాత్రల ప్రణాళికకు ఇది చక్కగా కుదురుతుంది. సెప్టెంబర్ త్రైమాసికం డబ్బు దసరా తర్వాతి ప్రయాణానికి, డిసెంబర్‌ది సంక్రాంతి తర్వాతి ప్రయాణానికి సరిపెట్టుకోవచ్చు. నెలసరి ఖర్చుకు పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ ఉంది. ఒక్కరికి 9 లక్షలు, ఉమ్మడి ఖాతాకు 15 లక్షలు పరిమితి. 7.4 శాతం రేటుతో 15 లక్షలపై నెలకు 9,250 రూపాయలు వస్తాయి.

ఇంటి ఖర్చు, మందులు, పిల్లల బాధ్యతలు పోగా మిగిలినదాంట్లోంచే యాత్ర. మందుల ఖర్చును తక్కువగా వేసుకోవడం చాలా ఇళ్లలో కనిపించే పొరపాటు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. 70 నిండినవారందరికీ, ఆదాయంతో పని లేకుండా, 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి 5 లక్షల రక్షణ ఉంది. సింగరేణి విరమణదారులకు చందా కట్టి చేరే వైద్య పథకం వేరే ఉంది. అరవైకీ డెబ్బైకీ మధ్య ఉండి ఈ పథకాల్లో దేనికీ అర్హత లేనివారు ప్రైవేటు బీమా ప్రీమియం కట్టాకే యాత్ర గురించి మాట్లాడాలి. ఇల్లు దాటి పక్క రాష్ట్రంలో ఉండగా ఒంట్లో బాగాలేకపోతే ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో ముందే కనుక్కోవాలి.

డబ్బు లెక్క తేలాక వచ్చే ప్రశ్న ఎలా వెళ్లాలన్నది. కారవాన్‌లోలా ఇల్లును వెంట తీసుకుపోయే ప్రయాణం ఉత్తర తెలంగాణకు పాతదే. మోటారు బండ్లు రాకముందు, వచ్చిన తర్వాతా చాలాకాలం, మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఊళ్లకు ఊళ్లు ఎడ్లబండ్లు కట్టుకుని కదిలేవి. బియ్యం, గిన్నెలు, చాపలు, గొంగళ్లు, ఎడ్లకు గడ్డి అన్నీ బండిలోనే. చెట్టు కింద బండి విప్పి అక్కడే వంట, అక్కడే నిద్ర. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర కోసం మెస్రం వంశీయులు ఇప్పటికీ జన్నారం మండలంలోని హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. దారి పొడవునా మజిలీలు చేస్తారు, కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద బస చేస్తారు. తొందర లేకుండా, ఆగుతూ ఆగుతూ పోయే ఆ పద్ధతే నేటి కారవాన్ ప్రయాణంలోనూ ఉంది.

కారవాన్ అంటే కూర్చునే చోటు, బల్ల, పడక, వంట వసతి, సామాన్ల అరలు ఉన్న మోటారు బండి. మన దేశంలో ఎక్కువగా టెంపో ట్రావెలర్ వంటి బండ్ల మీద కడతారు. ఆస్ట్రేలియాలో రిటైరైన జంటలు ఇలాంటి బండ్లలో నెలల తరబడి దేశం చుట్టి వస్తారు, ఎందుకంటే అక్కడ నీళ్లు, కరెంటు, మురుగు పారబోసే ఏర్పాటు ఉన్న కారవాన్ పార్కులు దారంతా ఉన్నాయి. ఇక్కడ లేనిది అదే. కేరళ 2021లో కారవాన్ విధానం ప్రకటించి, 2022లో వాగమన్‌లో తొలి పార్కు తెరిచింది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా వెతికినా అలాంటి చోటు కనపడదు. రాత్రి బస టూరిజం హోటల్ ఆవరణలోనో, గుడి సత్రం దగ్గరో, అడిగి ఒప్పించుకున్న పెట్రోలు బంకులోనో చేయాలి. రాత్రంతా ఏసీ నడవాలంటే బయటి నుంచి కరెంటు కావాలి. బండిలోని బ్యాటరీకి అది తలకు మించిన భారం. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే చోటు చూసుకోకుండా బయలుదేరితే రెండో రోజుకే చిక్కు మొదలవుతుంది.

పాత వ్యాన్ కొని ఊళ్లో మెకానిక్‌తో పడకలు వేయిద్దామనుకునేవారు చట్టం తెలుసుకోవాలి. తయారీదారు ఇచ్చిన అసలు నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చడం చెల్లదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అనుమతి లేని మార్పులుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిమ్ కూడా ఇబ్బందిలో పడుతుంది. అద్దెకు తీసుకునేటప్పుడు నంబరు ప్లేటు చూడాలి. స్వయంగా నడుపుకునే అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి, డ్రైవర్‌తో వచ్చే అద్దె బండికి పసుపు ప్లేటు. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తీసుకోవడం ప్రమాదం.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా అన్నదానికి వడ్డీ లెక్కే సమాధానం చెబుతుంది. బండికి 20 లక్షలు అవుతుందనుకుందాం. అదే 20 లక్షలు 8.2 శాతం వడ్డీకి ఉంటే ఏడాదికి 1,64,000 రూపాయలు వస్తాయి. కారవాన్ అద్దె రోజుకు 10,000 అనుకున్నా ఆ వడ్డీతోనే ఏటా పదహారు రోజులు తిరగవచ్చు, అసలు చెక్కుచెదరదు. కొన్న బండికి బీమా, టైర్లు, నిలిపే చోటు, ఏటా తగ్గే విలువ అదనం. డీజిల్ ఎటూ తప్పదు: లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే వెయ్యి కిలోమీటర్లకు 100 లీటర్లు, లీటరు 95 రూపాయల చొప్పున 9,500. ఏడాదిలో మూడు నెలలు రోడ్డు మీదే ఉండేవారికి తప్ప కొనడం దండగ. గ్రాట్యుటీ డబ్బుతో కారవాన్ కొనడం ఈ ప్రాంతపు మధ్యతరగతి కుటుంబానికి తగిన పని కాదు.

కాలం విషయంలో ఈ నేల చాలా కచ్చితంగా ఉంటుంది. ఎండాకాలంలో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ 45 డిగ్రీల దాకా కాగుతాయి. అప్పుడు రేకు బండిలో పడుకోవడం అరవై ఏళ్ల గుండెకు పరీక్ష. వానాకాలంలో అడవి దారుల్లో వాగులు పొంగుతాయి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి వరకే అసలు సీజన్. అప్పుడూ ఆదిలాబాద్ ఏజెన్సీలో రాత్రి చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది కాబట్టి మందపాటి దుప్పట్లు ఉండాలి. ట్యూషన్లు చెప్పేవారికి దసరా, సంక్రాంతి సెలవులు, సాగు ఉన్నవారికి వరి కోతలకూ యాసంగి నాట్లకూ మధ్య దొరికే రోజులు ఈ సీజన్‌లోనే పడతాయి.

మొదటి ఏడాది దగ్గరి చుట్టుతో మొదలుపెట్టడం మంచిది. కరీంనగర్ నుంచి వేములవాడ, కొండగట్టు ఒక్కొక్కటి సుమారు 35 కిలోమీటర్లే. అక్కడి నుంచి ధర్మపురి, మంచిర్యాల మీదుగా జన్నారం, కవ్వాల్ అడవి, కడెం నది మీది కుంటాల జలపాతం, నిర్మల్, బాసర చూసి తిరిగి రావచ్చు. ఈ చుట్టులో ఎవరికి నడుము పట్టేస్తుందో, ఎవరికి బయటి నీళ్లు పడవో తెలిసిపోతుంది. రెండో ఏడాది జాతీయ రహదారి 44 మీద ఆదిలాబాద్ దాటి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని నాగపూర్, దారి మళ్లితే వార్ధా దగ్గరి సేవాగ్రాం, మరో దిక్కున మాహూర్ రేణుకామాత గుడి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజుల్లో బాసర, ధర్మపురి, కాళేశ్వరం దారుల్లో పెద్ద బండిని కదిలించడమే కష్టం. ముందో తర్వాతో వెళ్లడం తెలివైన పని.

కాశీ, రామేశ్వరం వంటి దూరాలకు రైలే చవక. పెద్దల రైలు రాయితీ (పురుషులకు 40, స్త్రీలకు 50 శాతం) 2020 మార్చిలో ఆగిపోయింది. లోయర్ బెర్త్ కోటా మాత్రం ఉంది. సికింద్రాబాద్ నుంచి ఐఆర్‌సీటీసీ నడిపే భారత్ గౌరవ్ రైళ్లలో భోజనం, బస టికెట్‌లోనే కలుస్తాయి. కాబట్టి వంటా పడకా చూసుకునే ఓపిక లేని జంటలకు అవి నయం.

బయలుదేరే ముందు చూసుకోవాల్సిన కాగితాలు కొన్నే. 55 దాటాక రెన్యువల్ చేసిన డ్రైవింగ్ లైసెన్సు అయిదేళ్లకే చెల్లుతుంది. గడువు తేదీ ఒకసారి చూడాలి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి కూడా నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల చిన్న అద్దె కారవాన్‌కు వేరే లైసెన్సు అక్కర్లేదు. పెన్షనర్లు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గడువు చాలామందికి యాత్రల సీజన్‌లోనే వస్తుంది. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి, రాష్ట్ర పెన్షనర్లయితే టీ యాప్ ఫోలియోలో సెల్ఫీతో, దారిలో ఎక్కడి నుంచైనా ఇవ్వవచ్చు. దీన్ని మరిచిపోతే తిరిగొచ్చేసరికి పెన్షన్ ఆగి ఉంటుంది.

పార్ట్‌టైమ్ సంపాదనను యాత్రల ఖాతాగా విడిగా ఉంచుకునే కుటుంబాలకు ఇబ్బంది తక్కువ. పెన్షన్, వడ్డీ ముందుగా ఇంటికి, మిగిలితేనే యాత్రకు. ట్యూషన్ డబ్బు, డ్రైవింగ్ డబ్బు ప్రయాణానికి. ఒక ఏడాది ఆ సంపాదన తగ్గితే యాత్ర తగ్గుతుంది తప్ప మందులు తగ్గవు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతం, పెన్షన్, వడ్డీ వంటి మామూలు ఆదాయం 12 లక్షల దాకా ఉన్నా పన్ను పడదు కాబట్టి, ఈ చిన్న సంపాదన వల్ల పన్ను పెరుగుతుందన్న భయం చాలామందికి అవసరం లేదు. అరవై దగ్గర పడుతున్న దంపతులు ఈ దసరాకే ఇద్దరూ కూర్చుని ఆదాయం, మందులు, బీమా ఒక కాగితం మీద రాసి, మిగిలినదాంతో నాలుగు రోజుల బాసర ప్రయాణం పెట్టుకోవాలి.