ఏ ‘అత్త’కు వచ్చిందో చెప్పాలి

చెన్నై: ‘మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?’ అని డాక్టరు అడిగితే చాలామంది అమ్మ వైపు వాళ్లనే తలచుకుంటారు. నాన్న వైపు లెక్కలోకే రాదు. వచ్చినా ‘అత్తకు వచ్చింది’ అని ఊరుకుంటారు. తెలుగులోనైనా తమిళంలోనైనా నాన్న తోబుట్టువూ అత్తే, మేనమామ భార్యా అత్తే, భర్త తల్లీ అత్తే. రక్తసంబంధం మేనత్తతోనే. మేనరికం ఇళ్లలో ఆ ముగ్గురిలో ఇద్దరు ఒక్కరే కావచ్చు. అందుకే ‘నాన్న అక్క’, ‘నాన్న చెల్లెలు’ అని విడమరచి చెప్పాలి. ఏ పరీక్ష చేయించాలన్నది ఆ మాట మీదే ఆధారపడుతుంది.

రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం వంశపారంపర్యంగా వచ్చేవే. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో లోపం ఇందుకు ముఖ్య కారణం. లోపం తల్లికి ఉన్నా, తండ్రికి ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అది ఉన్న స్త్రీలలో 80 ఏళ్లలోపు నూటికి దాదాపు 70 మందికి ఈ జబ్బు వస్తుందని 2017 నాటి అధ్యయనం తేల్చింది.

మామోగ్రామ్ ఒక్కటే చాలదు

వీళ్లకు జబ్బు చిన్న వయసులోనే రావచ్చు. అప్పుడు రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. మామోగ్రామ్‌లో అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తాయి. ఎమ్మారైకి ముందు నరంలోకి మందు ఎక్కిస్తారు. రక్తం ఎక్కువగా లాక్కునే గడ్డ తేటగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో ముప్పు ఎక్కువున్న 649 మందిపై జరిగిన పరిశోధన 2005లో వెలువడింది. బయటపడిన 35 క్యాన్సర్లలో మామోగ్రామ్ 40 శాతం, ఎమ్మారై 77 శాతం పట్టాయి. రెండూ కలిపితే 94 శాతం.

లోపం తేలినవారు 25 ఏళ్ల నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ కూడా చేయించుకోవాలని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇబ్బందులూ లేకపోలేదు. ఎమ్మారైకి ఖర్చెక్కువ. క్యాన్సర్ కాని మచ్చలూ కనిపించి, ముక్క తీసి చూడాల్సి రావచ్చు.

దాస్తే పిల్లకే నష్టం

జన్యు పరీక్ష వీలైతే ముందు జబ్బు వచ్చినవారికే చేయాలి. వారిలో లోపం దొరికితే మిగతావాళ్లలో దాన్నే వెతకొచ్చు. అది లేదని తేలిన ఆడపిల్లకు సాధారణంగా ఏటా ఎమ్మారై తప్పుతుంది. సంబంధాలు రావని ఇంట్లో జబ్బు సంగతి దాచేస్తే ఈ దారే మూసుకుపోతుంది.

చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో 1954లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. తిరుత్తణి, గుమ్మిడిపూండి వైపు తెలుగువాళ్లకు అది దగ్గర. హోసూరు వాళ్లకు బెంగళూరు కిద్వాయి ఉంది. వెళ్లేముందు రెండు వైపులా ఎవరికి, ఏ వయసులో జబ్బు వచ్చిందో కాగితం మీద రాసుకుంటే మంచిది.