చీము ఎక్కడి నుంచి వస్తుంది?

చెల్కలో కలుపు తీస్తుంటే కాలికి తుమ్మముల్లు దిగుతుంది. ముల్లు పీకేసి మళ్లీ పనిలో పడతారు. రెండో రోజుకు అక్కడ ఎర్రగా వాస్తుంది. ముట్టుకుంటే వేడి. రాత్రంతా సలుపు. ఆ తర్వాత చీము పడుతుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇది ఎరగని ఇల్లు ఉండదు.

చీము అంటే ఏమిటి? చెడ్డ నెత్తురు అంటారు చాలామంది. కాదు. అక్కడ ఒక యుద్ధం జరిగింది. అందులో చచ్చినవాటి కుప్పే చీము.

ముల్లుతోపాటు మట్టి లోపలికి పోతుంది. మట్టిలో, మన చర్మం మీద బాక్టీరియా అనే సూక్ష్మజీవులు ఉంటాయి. ఇవి కంటికి కనబడవు. లోపల వాటికి తడి, వెచ్చదనం, తిండి దొరుకుతాయి. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. కొన్ని రకాలకు ఇందుకు అరగంట చాలు.

వీటిని పట్టేవి నెత్తురులోని తెల్ల కణాలు. గుండుసూది తలంత నెత్తురులో ఎర్ర కణాలు సుమారు 50 లక్షలు ఉంటాయి. అందుకే నెత్తురు ఎర్రగా కనబడుతుంది. తెల్లవి 4 వేల నుంచి 11 వేల దాకా మాత్రమే. ఇవి బొక్కల లోపలి మూలుగలో పుడతాయి. మూలుగ బొక్క తినేవాళ్లకు ఆ చోటు బాగా తెలుసు! రోజుకు సుమారు 10 వేల కోట్ల కణాలు కొత్తగా పుడతాయి. వాటిలో చాలావరకు కొద్ది రోజులు కూడా బతకవు.

గాయమైన చోట కొన్ని రసాయనాలు ఊరతాయి. వాటి వల్ల నెత్తురు నాళాలు వెడల్పవుతాయి. నెత్తురు ఎక్కువగా వస్తుంది. ఎరుపు, వేడి, వాపు అందుకే. తెల్ల కణం నాళం గోడ సందులోంచి దూరి బయటికి వస్తుంది. వాసన పట్టిన కుక్కలాగా బాక్టీరియా ఉన్న వైపే పాకుతుంది. దగ్గరికి పోయి తన ఒంటినే చేతుల్లా చాపుతుంది. చుట్టేసి మింగేస్తుంది. లోపల బాక్టీరియా ఒక సంచిలో చిక్కుకుంటుంది. ఆ సంచిలోకి ఘాటైన రసాలు వచ్చి పడతాయి. బావిలో బ్లీచింగ్ పౌడర్ వేస్తారు కదా? అది నీళ్లలో కలిస్తే పుట్టే మందు ఏదో, తెల్ల కణం తన లోపల అదే తయారుచేసుకుంటుంది! బాక్టీరియా చచ్చి అరిగిపోతుంది. కొన్నిటిని మింగి కణం కూడా చస్తుంది.

ఈ సంగతి మొదట కనిపెట్టింది రష్యా దేశపు శాస్త్రవేత్త మెచ్నికాఫ్. చిత్రం ఏమిటంటే, అదీ ముల్లుతోనే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఆయన ఒక సముద్ర జీవి పిల్లకు గులాబీ ముల్లు గుచ్చాడు. దాని ఒళ్లు గాజులాగా ఉంటుంది. లోపల జరిగేదంతా కనబడుతుంది. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మరి మందులెందుకు? బాక్టీరియా మరీ ఎక్కువైతే తెల్ల కణాలకు చాతగాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఒక పరిశోధన బృందాన్ని నడిపాడు. 1948లో ఆ బృందం ఆరియోమైసిన్ అనే మందు తెచ్చింది. అది చాలా రకాల బాక్టీరియాను పెరగకుండా ఆపుతుంది. ఆగినవాటిని తెల్ల కణాలే తినేస్తాయి.

గాయాన్ని సబ్బుతో, మంచి నీళ్లతో కడగాలి. పేడ, మట్టి పెట్టరాదు. వాటిలో ధనుర్వాతం తెచ్చే జీవులుంటాయి. అవి వదిలే విషాన్ని తెల్ల కణాలు ఆపలేవు. దానికి సూది ముందే వేయించుకోవాలి. షుగర్ జబ్బు ఉన్నవాళ్లలో తెల్ల కణాలు మందగిస్తాయి. వాళ్లు చిన్న పుండుకైనా దవాఖానకు పోవాలి.

అన్నిటికన్నా మొండిది టీబీ బాక్టీరియా. ఊపిరితిత్తుల్లో తెల్ల కణం దాన్ని మింగుతుంది. కాని అరిగించుకోలేదు. దాని పైన మైనం లాంటి పొర ఉంటుంది. ఘాటు రసాలు తన సంచిలోకి రాకుండా అది అడ్డుపడుతుంది. తినవచ్చినవాడి కడుపులోనే కాపురం పెట్టి పిల్లల్ని కంటుంది! ఏండ్ల తరబడి అలాగే దాగి ఉండగలదు. ఒళ్లు బలహీనపడితే బయటపడుతుంది.

అందుకే టీబీ మందు మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది. రోగం పోయిందనుకుని కొందరు మానేస్తారు. పాలమూరు నుంచి పనులకు వలసపోయేవాళ్లకు ఈ కష్టం మరీ ఎక్కువ. దాగిన బాక్టీరియా మళ్లీ లేస్తుంది. అప్పుడు పాత మందులకు లొంగకపోవచ్చు. ఊరు విడిచేముందు దవాఖానలో చెప్పి కాగితం రాయించుకోవాలి. బొంబాయిలోనైనా, పూనాలోనైనా సర్కారు దవాఖానలో ఆ మందు పైసలు లేకుండా ఇస్తారు.