ఇంటి నేల కింద పైప్ లీకైతే ఏ గ్యాడ్జెట్ పట్టుకుంటుంది? కొనేముందు ఈ 30 నిమిషాల టెస్ట్ చేయండి

మా అన్నయ్య వాళ్లు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటారు. ఆ మధ్య వాటర్ బిల్లు ఎప్పుడూ వచ్చేదానికి రెట్టింపు వచ్చింది. నేను చెప్పి కొనిపించిన లీక్ సెన్సర్లు సింకుల కింద, వాషింగ్ మెషీన్ వెనక నాలుగున్నాయి. ఒక్కటీ మోగలేదు. "నువ్వు చెప్తేనే కదరా కొన్నాం, అసలివి పనిచేస్తున్నాయా?" అని అన్నయ్య ఫోన్.

సెన్సర్ల తప్పేం లేదు. నీళ్లు వాటి దాకా రాలేదంతే. లీక్ ఇంటి నేల కింద ఉంది. అక్కడ దీన్ని స్లాబ్ లీక్ అంటారు.

అసలు స్లాబ్ లీక్ అంటే ఏంటి?

మనకి స్లాబ్ అంటే పైకప్పు. డల్లాస్ వైపు ఇళ్లకి ఎక్కువగా బేస్‌మెంట్ ఉండదు. నేల మీదే కాంక్రీట్ పోసి, దానిపై ఇల్లు కడతారు. ఆ కాంక్రీటే వాళ్ల స్లాబ్. పాత ఇళ్లలో చాలావాటికి రాగి నీళ్ల పైపులు దాని కిందే ఉంటాయి. అక్కడి మట్టి మన నల్లరేగడి లాంటిదే. తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. ఆ కదలికకి పైపు రాసుకుని అరుగుతుంది. లేదా రాగిని నీళ్లు, మట్టి తినేసి సూది బెజ్జమంత చిల్లు పడుతుంది.

వేడినీళ్ల పైపు లీకైతే పైన టైల్ గోరువెచ్చగా అవుతుంది. మనవాళ్లు ఇంట్లో చెప్పులేసుకోరు కాబట్టి త్వరగా తెలుస్తుంది. వంటింట్లో ఒకచోట నేల వెచ్చగా ఉందని వదిన వారం నుంచి అంటూనే ఉందట. ఎవరూ పట్టించుకోలేదు!

30 నిమిషాల టెస్ట్

1. ట్యాపులు, వాషింగ్ మెషీన్, ఐస్ మేకర్, స్ప్రింక్లర్లు అన్నీ ఆఫ్ చేయండి. ఫ్లష్ ట్యాంకులూ లీకవుతుంటాయి కాబట్టి వాటి వాల్వులు కూడా కట్టేయండి.
2. మీటర్ రీడింగ్ ఫొటో తీసి, 30 నిమిషాలాగి మళ్లీ తీయండి. చాలా మీటర్లలో చిన్న త్రికోణం లాంటి ఇండికేటర్ ఉంటుంది. అది తిరుగుతోందంటే నీళ్లు పోతున్నట్టే.
3. ఇంటి మెయిన్ వాల్వ్ కట్టండి. ఇంకా తిరుగుతుంటే లీక్ మీటర్‌కీ ఇంటికీ మధ్య ఉంది. ఆగితే ఇంటి లైన్‌లోనే.
4. మెయిన్ తెరిచి, వాటర్ హీటర్‌లోకి వెళ్లే చన్నీళ్ల వాల్వ్ కట్టండి. మీటర్ ఆగిందంటే లీక్ వేడినీళ్ల లైన్‌లో.

వీడియో కాల్‌లో అన్నయ్యతో ఇదంతా చేయించా. 30 నిమిషాల్లో 3 గ్యాలన్లు పోయాయి. అంటే రోజుకి 144 గ్యాలన్లు, సుమారు 545 లీటర్లు. నెలకి 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడింటికి పైనే! హీటర్ వాల్వ్ కట్టగానే మీటర్ ఆగిపోయింది.

ఏ గ్యాడ్జెట్ ఎంతవరకు?

చిన్న లీక్ సెన్సర్లు: నీళ్లు తాకితేనే మోగుతాయి. స్లాబ్ లీక్‌కి పనికిరావు.

ఫ్లూమ్: మీటర్‌కి పట్టీతో కట్టాలి. మీటర్ లోపలి అయస్కాంతం కదలికని చదివి ఫోన్‌కి అలర్ట్ పంపుతుంది. పైపు కోయక్కర్లేదు. కానీ నీళ్లు ఆపలేదు.

మోయెన్ ఫ్లో, ఫిన్ ప్లస్: మెయిన్ పైపు కోసి బిగించాలి. ఎవరూ నీళ్లు వాడనప్పుడు వాల్వ్ మూసి, ప్రెషర్ పడిపోతోందా అని చూస్తాయి. పెద్ద లీకైతే నీళ్లు ఆపేస్తాయి. ఫిన్ సెకనుకి 240 సార్లు ప్రెషర్ కొలుస్తుంది.

ఫ్లిర్ వన్ ప్రో: ఫోన్‌కి పెట్టే థర్మల్ కెమెరా. రిజల్యూషన్ 160×120. వేడినీళ్ల లీక్‌కి బాగుంటుంది, చన్నీళ్లకి కష్టం. పైగా వేడి కాంక్రీట్‌లో పాకుతుంది. వెచ్చటి మచ్చ కిందే చిల్లు ఉండాలని లేదు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. లీక్ ఉందని తెలియడం వేరు, ఎక్కడుందో తెలియడం వేరు. మెమరీ లీక్‌లో గ్రాఫ్ పెరగడం డాష్‌బోర్డ్‌లో కనిపిస్తుంది, ఏ లైన్‌లో ఉందో మాత్రం మనమే వెతకాలి కదా. ఇదీ అంతే. చోటు పట్టడానికి లీక్ డిటెక్షన్ వాళ్లు నేల మీద మైక్రోఫోన్ పెట్టి శబ్దం వింటారు. లేదంటే పైపులోకి 5% హైడ్రోజన్, 95% నైట్రోజన్ కలిపిన గ్యాస్ వదిలి, పైన ఎక్కడ తేలుతుందో చూస్తారు.

నేల పగలగొట్టాలా?

మొదట వచ్చిన ప్లంబర్ ఏ టెస్టూ చేయకుండా వంటింటి నేల పగలగొడదామన్నాడు. అన్నయ్య ఆపి, వేరేవాళ్లతో డిటెక్షన్ చేయించాడు. చిల్లు వెచ్చటి టైల్‌కి ఆరడుగుల అవతల, హాల్లో ఉంది! పాత రాగి ఒకచోట పోయిందంటే ఇంకోచోటా పోవచ్చు. అందుకే చివరికి నేల జోలికే పోకుండా ఆ లైన్ వదిలేసి, అటక మీదుగా కొత్త పెక్స్ పైపు వేయించారు. మీకు ఇలా అయితే పని మొదలుపెట్టకముందే ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయండి. ఏది కవర్ అవుతుందో పాలసీని బట్టి మారుతుంది. మీటర్ ఫొటోలు దాచుకోండి.

మరి మన ఇళ్లలో?

మనకి నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి వస్తాయి. మూడు మీటర్ల ఎత్తులోని ట్యాంక్ ఇచ్చే ప్రెషర్ సుమారు 0.3 బార్. అమెరికా ఇళ్లలో మామూలుగా 3 నుంచి 5 బార్ ఉంటుంది. కాబట్టి అక్కడి ప్రెషర్ గ్యాడ్జెట్లు తెచ్చుకుని ఇక్కడ బిగిస్తే లాభం తక్కువ. రాత్రి అన్నీ కట్టేసి, మోటార్ వేయకుండా ట్యాంక్‌లో నీళ్ల మట్టం గుర్తుపెట్టుకోండి. పొద్దునకి తగ్గితే, మర్నాడు రాత్రి ట్యాంక్ కింద గేట్ వాల్వ్ కూడా కట్టి చూడండి. అప్పుడు తగ్గకపోతే లీక్ కింది లైన్లలో, తగ్గితే ట్యాంక్‌లోనే.

ఈ టెస్ట్‌కి ఖర్చు సున్నా. ముందు ఇది చేసి, తర్వాతే కార్ట్ ఓపెన్ చేయండి. ఇంట్లో ఎవరైనా నేల వెచ్చగా ఉందంటే మాత్రం ఆ రోజే వెళ్లి కాలు పెట్టి చూడండి.