చిత్తుకాగితమా? చరిత్ర పుటా?
ఐర్లండ్ ఎన్నికల కరపత్రాలు చెప్పే కథ

పోలింగు ముగిసిన మరునాడు ఏ ఊరి వీధిలోనైనా ఒకటే దృశ్యం. నిన్నటిదాకా చేతులు జోడించి ఇంటింటా పంచిన కాగితాలు ఈవేళ చీపురు ముందు దొర్లుతూ ఉంటాయి. కొన్ని పొయ్యి రాజేయడానికి, కొన్ని పకోడీల పొట్లానికి పనికివస్తాయి. మిగిలినవి చెత్తకుండీ పాలవుతాయి. అంతటితో వాటి ఆయువు చెల్లినట్లే.

అయితే ఆ కాగితాన్నే వంగి తీసి, దుమ్ము దులిపి, తేదీ వేసి భద్రపరచేవారూ లోకంలో ఉన్నారు. తపాలా బిళ్ళలను, నాణేలను, అగ్గిపెట్టె బొమ్మలను సేకరించేవారు మనకు కొత్త కాదు. పాత ఎన్నికల కరపత్రాలను, గోడపత్రికలను, రొమ్మున ధరించే పార్టీ బిళ్ళలను సేకరించేవారు మాత్రం మనకు కొంత వింతగా తోస్తారు. ఈ వ్యాసంగం చక్కగా వేళ్ళూనిన దేశాలలో ఐర్లండ్ ఒకటి. ఆ చిన్న దేశపు చిత్తుకాగితాలలో మనం తెలుసుకోదగిన విశేషాలు పెక్కు ఉన్నాయి.

పానశాలలో చేతికందిన కాగితం

ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో లినెన్ హాల్ గ్రంథాలయం ఉంది. 1788లో స్థాపితమైన సంస్థ అది. 1968లో అక్కడ పౌరహక్కుల ఉద్యమం ఊపందుకొంటున్న రోజులలో, ఆ గ్రంథాలయాధికారి జిమ్మీ విట్టీ గారికి నగరంలోని ఒక పానశాలలో ఎవరో ఒక కరపత్రం అందించారు. చదివి పారవేయదగిన కాగితమే. కాని ఆయన దానిని పారవేయక గ్రంథాలయానికి తెచ్చి దాచారు. ఆ ఒక్క కాగితమే నేడు రెండున్నర లక్షలకు పైబడిన వస్తువులు గల రాజకీయ సంచయానికి బీజమైంది.

ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు ఆ నేల రక్తసిక్తమైంది. ఒకరి మొగం ఒకరు చూడని వర్గాలవారు, ఒకరినొకరు ద్రోహులని నిందించుకొన్నవారు ముద్రించిన కాగితాలన్నీ ఆ గ్రంథాలయంలో పక్కపక్కనే చేరాయి. ఇది మా పక్షం, అది పరపక్షం అన్న భేదం సేకర్తకు లేదు. తనకు నచ్చని కాగితాన్ని సైతం నచ్చినదానితో సమానంగా దాచగలగడమే ఈ వ్యాసంగానికి ప్రథమ నియమం. ఆ నియమాన్ని తప్పినవాడు ప్రచారకుడు కాగలడే గాని సేకర్త కాలేడు.

డబ్లిన్ నగరంలోని ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం కూడా ఎన్నికల ప్రచార పత్రాలను సేకరిస్తుంది. ప్రచారం కాగితం నుండి కంప్యూటరు తెరకు మారుతున్నదని గ్రహించి, 2011 సార్వత్రిక ఎన్నికల నాటి నుండి ఎన్నికల వెబ్‌సైట్లను కూడా భద్రపరచడం ప్రారంభించింది.

ఒకటి, రెండు, మూడు

ఐరిష్ కరపత్రాన్ని మొదటిసారి చూసిన మనవారికి ఒక సందేహం కలుగుతుంది. అభ్యర్థి తనకు ఓటు వేయమని కోరడం సహజం. మరి తరువాతి ఓటు ఫలానా వారికి వేయమని కూడా కోరతాడేమి? అక్కడి ఓటింగు పద్ధతి తెలిస్తే ఈ సందేహం తీరుతుంది. ఐర్లండ్‌లో ఒక్కొక్క నియోజకవర్గం నుండి ముగ్గురు మొదలు అయిదుగురు సభ్యులు ఎన్నికవుతారు. ఓటరు ముద్ర వేయడు. పేర్లకు ఎదురుగా తన ఇష్టానుసారం 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. కోటాకు మించిన ఓట్లు, ఓడినవారి ఓట్లు ఆ అంకెల ప్రకారం ఇతరులకు బదిలీ అవుతాయి.

కనుక రెండవ అంకెకు కూడా విలువ ఎక్కువే. 1990 రాష్ట్రపతి ఎన్నికలో తొలి లెక్కింపున బ్రయన్ లెనిహాన్ 44 శాతం ఓట్లతో ముందున్నారు. మేరీ రాబిన్సన్‌కు 39 శాతం వచ్చాయి. మూడవ అభ్యర్థి ఓట్లు బదిలీ అయ్యేసరికి ఫలితం తారుమారై, రాబిన్సన్ ఆ దేశపు తొలి మహిళా రాష్ట్రపతి అయ్యారు. ఎవరు ఎవరికి రెండవ ఓటు అడిగారు అన్నది ఏ ఫలితాల పట్టికలోను కనిపించదు. అది కరపత్రంలోనే కనిపిస్తుంది.

ఈ పద్ధతిని తొలగించాలని 1959లో ప్రభుత్వం ప్రజాభిప్రాయం కోరింది. అదే రోజున రాష్ట్రపతి ఎన్నిక కూడా జరిగింది. ప్రజలు డి వలేరాను రాష్ట్రపతిగా గెలిపించి, ఆయన పార్టీ తెచ్చిన ప్రతిపాదనను మాత్రం తోసిపుచ్చారు! 1968లో మరల అడిగితే మరింత గట్టిగా కాదన్నారు.

అక్కడి పార్లమెంటు ఎన్నికలలో ప్రతి అభ్యర్థికి ఓటర్లకు ఒక లేఖను తపాలా రుసుము లేకుండా పంపే హక్కు ఉంది. దానిపై ‘ఎన్నికల లేఖ’ అనే అర్థం గల ఐరిష్ మాటలు ముద్రించి ఉంటాయి. ఇంటికి వచ్చిన అభ్యర్థి తలుపు మూసి ఉంటే, మీరు ఇంట లేనందుకు విచారిస్తున్నానని తెలిపే చీటీ ఒకటి వదిలి వెళతాడు. సేకర్తలకు ఇవన్నీ ప్రియమైన వస్తువులే.

వాగ్దానానికి సాక్షి

వీటిని దాచడం వలన ప్రయోజనమేమని ఎవరైనా అడగవచ్చు. ఒక ఉదాహరణ చాలు. 1977 ఎన్నికలలో ఫియన్నా ఫాయిల్ పార్టీ నివాస గృహాలపై స్థానిక పన్నును, కార్లపై పన్నును రద్దు చేస్తామని ప్రణాళికలో ప్రకటించింది. 148 స్థానాలలో 84 గెలిచింది. పన్నులు రద్దయ్యాయి. అయితే వాహనపన్ను మరుసటి దశాబ్దంలోనే తిరిగి వచ్చింది. ఇళ్ళపై పన్ను 2013లో మరో పేరుతో మరల ప్రవేశించింది. 1977 నాటి ఆ కాగితాన్ని, 2013 నాటి పన్ను నోటీసును పక్కపక్కన పెట్టి చూచినవారికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

గెలిచినవారి మాటలు చట్టాలలోను, శిలాఫలకాలలోను నిలుస్తాయి. ఓడినవారి మాటకు కరపత్రమే ఆధారం. 1995 నవంబరులో విడాకుల చట్టబద్ధతపై ఐర్లండ్ ప్రజాభిప్రాయం సేకరించినప్పుడు 16 లక్షల పైచిలుకు ఓట్లలో తేడా కేవలం 9,114. అంటే ఓటు వేసినవారిలో దాదాపు సగంమంది కాదన్నారు. వారెందుకు కాదన్నారో, ఏ భయాలు వారిని కదిలించాయో రేపటి చరిత్రకారుడు తెలుసుకోవాలంటే ఆనాటి ఇరుపక్షాల పత్రాలూ చూడక తప్పదు.

గిరి గారూ, కరపత్రాలూ

ఈ కథకు మన తెలుగునాటితో ఒక నిజమైన బంధుత్వం ఉంది. రైల్వే కార్మికుల నాయకుడుగా పేరొంది, తదుపరి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు బరంపురంలోని తెలుగు కుటుంబంలో జన్మించారు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళి, 1916 వరకు అక్కడే ఉన్నారు. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధలను గూర్చి ఆయన అక్కడి విద్యార్థిగా ఒక చిన్న పత్రం వెలువరించారు. అది పోలీసుల కంటబడి, డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులపై నిఘా పెరిగింది.

1969 రాష్ట్రపతి ఎన్నిక మన దేశంలోనూ అంకెల పద్ధతిలోనే జరిగింది. గిరి గారికి, నీలం సంజీవరెడ్డి గారికి నడుమ జరిగిన ఆ పోటీలో తొలి లెక్కింపున ఎవరికీ కోటా దక్కలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపిన పిమ్మట గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. ఆ ఎన్నిక వేళ రెడ్డి గారిని నిందిస్తూ ఒక అనామక కరపత్రం పంచబడింది. దాని ఆధారంగా గిరి గారి ఎన్నికను సుప్రీంకోర్టులో సవాలు చేశారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా న్యాయస్థానానికి వచ్చి సాక్ష్యం ఇచ్చారు. 1970లో కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది. చూశారా! ఒక చిన్న కాగితం దేశ ప్రథమ పౌరుని బోను వద్దకు నడిపించింది.

ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు పత్రంపై తప్పక ఉండాలని మన చట్టమూ, ఐరిష్ చట్టమూ శాసించడం ఇందుకే. కరపత్రం అడుగున చీమతలకాయంత అక్షరాలలో ఉండే ఆ పంక్తిని సేకర్తలు ముందుగా చదువుతారు.

దాచడం ఎట్లా?

ఈ వ్యాసంగానికి పెట్టుబడి లేదు, ఓపిక ఒక్కటి చాలు. పత్రం చేతికి వచ్చిన రోజునే వెనుకవైపు మూలగా పెన్సిలుతో తేదీ, ఊరు వ్రాయాలి. పెన్ను వాడితే సిరా ఊరుతుంది. చిరుగులకు జిగురు టేపు అంటించరాదు, లామినేషన్ చేయించరాదు. తుప్పుపట్టే గుండుసూదులను, పిన్నులను తొలగించాలి. మడతలు విప్పి, ఎండ, తేమ తగలని చోట బల్లపరుపుగా ఉంచాలి. వార్తాపత్రిక కాగితంలోని ఆమ్లం పక్క కాగితాన్ని కూడా పసుపుబారుస్తుంది గనుక వాటిని విడిగా ఉంచడం మేలు. ఈ పనిని ఇంట్లోని పిల్లలకు అప్పగిస్తే పౌరశాస్త్రం పాఠం అడగకుండానే ఒంటబడుతుంది.

ఇది వ్రాస్తుంటే నాకు మా నాన్నగారి రేకుపెట్టె గుర్తుకు వస్తున్నది. ఆయన కూడా కర్మాగార ఉద్యోగియే. షిఫ్టు దిగి గేటు దాటేటప్పుడు సంఘాలవారు పంచిన కరపత్రాలను, తన సంఘానివీ, ఎదుటి సంఘానివీ, అన్నింటినీ మడిచి ఆ పెట్టెలో వేసేవారు. బోనసు ఎంత అడిగారు, క్వార్టర్లు ఎప్పుడు కట్టిస్తామన్నారు, ఎవరు ఎవరిని ఏమన్నారు అన్నీ అందులో ఉండేవి. ఆయన పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసిన రోజున, సామాను తగ్గించాలన్న తొందరలో ఆ కాగితాలను తూకానికి వేసింది నేనే. ఆయన ఏమీ అనలేదు. ఖాళీ పెట్టెను మాత్రం లారీ ఎక్కించారు.

బెల్‌ఫాస్ట్ గ్రంథాలయాధికారి ఆ కాగితాన్ని జేబులో పెట్టుకొన్నాడు. నేను పెట్టుకోలేకపోయాను. మన కాలనీలలో ఇంకా ఎన్ని రేకుపెట్టెలు అటకల మీద ఉన్నాయో! రేపు ఇల్లు మారేటప్పుడు వాటిని తూకానికి వేసే ముందు దయచేసి ఒక్కమారు మూత తెరచి చూడండి.