ఈ వయసులో నర్సు చదువా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో వేట నిషేధం. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నెలో బోట్లు ఒడ్డునే ఉండే ఆ రెండు నెలల్లో ఇంకో బతుకుతెరువు గురించి మాట రాని ఇల్లు తక్కువ. ముప్పై, నలభై ఏళ్ల ఆడవాళ్ళలో కొందరికి ఆస్పత్రి పని మీద మనసు ఉంటుంది. మంచాన పడ్డ అత్తకో నాన్నకో ఏళ్ల తరబడి సేవ చేసిన చేతులు వాళ్ళవి. ఆ కోరిక నోట రాగానే చుట్టుపక్కల వాళ్ళు తలా ఒక మాట అంటారు. అందులో చాలావరకు నిజం లేదు. నిజం ఉన్న మాటనేమో సగమే చెబుతారు.

అపోహ: "ముప్పై దాటినాక చదువేందమ్మా, ఎవురు చేర్చుకుంటారు?"

వాస్తవం: వయసు నిబంధన అన్ని చదువులకూ ఒకటి కాదు. ఏఎన్ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్), జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) కోర్సులకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన గరిష్ఠ వయసు 35. ముప్పై మూడేళ్ల మనిషి నిక్షేపంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి మాత్రం అది కుదరదు. ఆ మాట దాచిపెట్టి ఆశ పెట్టడం అన్యాయం. అయితే ఏఎన్ఎం అయినవాళ్ళు తర్వాత జీఎన్ఎం చదవాలనుకుంటే ఆ 35 అడ్డు లేదు.

డాక్టరు చదువు సంగతి ఇంకా విచిత్రం. ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్ రాయడానికి గరిష్ఠ వయసు పరిమితిని జాతీయ వైద్య కమిషన్ 2022లో తీసేసింది. అంతకుముందే, 2020లో, ఒడిశాలో 64 ఏళ్ల రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఎంబీబీఎస్‌లో చేరారు. విని సంతోషించాను. కానీ పింఛను వచ్చే మనిషి పరిస్థితి వేరు. ఇంట్లో అప్పు, బడికెళ్ళే పిల్లలు ఉన్నవాళ్ళకు అయిదున్నరేళ్ల చదువును నేను సలహాగా చెప్పను.

అపోహ: "బైపీసీ చదవకపోతే ఆస్పత్రిలో అడుగే పెట్టలేం."

వాస్తవం: బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ కావాల్సిందే. ఏఎన్ఎంకు, జీఎన్ఎంకు ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా సరిపోతుంది. ఇంగ్లీషు ఉండాలి, జీఎన్ఎంకైతే కనీసం 40 శాతం మార్కులు ఉండాలి. సీట్ల దగ్గర సైన్సు వాళ్ళకు ముందు అవకాశం దక్కవచ్చు, అది వేరే సంగతి. పదితో చదువు ఆపి పెళ్లి చేసుకున్నవాళ్ళు ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తిచేసినా కౌన్సిల్ ఒప్పుకుంటుంది. జీఎన్ఎంలో మగవాళ్ళూ చేరొచ్చు. ఎప్పుడో ఎంపీసీ చదివి వేటకు పోయిన మగవాళ్ళకు రెండేళ్ల డీ ఫార్మసీ కూడా ఉంది.

అపోహ: "ఆర్నెల్లలో నర్సు సర్టిఫికెట్ ఇప్పిస్తాం, డబ్బు కట్టు."

వాస్తవం: ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. ఇంతకన్నా దగ్గరిదారి లేదు. నెలల్లో ముగిసే శిక్షణలు ఉన్న మాట నిజమే. వాటితో అయ్యేది సహాయకులు, నర్సులు కాదు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాని మనిషి నర్సు కాదు. డబ్బు కట్టేముందు ఆ నమోదు వస్తుందా అని కాగితం మీద రాసిమ్మని అడగండి.

అపోహ: "ఆశా అయితే గవర్నమెంటు ఉద్యోగమే గదా!"

వాస్తవం: కాదు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో ఆశా ఊళ్ళో పనిచేసే స్వచ్ఛంద ఆరోగ్య కార్యకర్త. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి నెలకు పది వేలు ఇస్తున్నారు, అది గౌరవ వేతనం. కానీ నడివయసు ఆడవాళ్ళ కోసమే పెట్టినట్టుండే పని ఇదొక్కటే. ఆ ఊళ్ళో కాపురముండే మనిషి కావాలి, 25 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్ళకు ప్రాధాన్యం. పెళ్లయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు అందరూ అర్హులే. సుమారు వెయ్యి మందికి ఒకరే కాబట్టి ఖాళీ వచ్చేదాకా ఆగాలి. ఆస్పత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్ళి చూడటం ఆమె బాధ్యత. బిడ్డ పాలు తాగుతోందా, ఒళ్ళు చల్లబడిందా, ఊపిరి సరిగా తీస్తోందా అని ఆమె కనిపెట్టే చూపు మీద ప్రాణాలు నిలుస్తాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి పురస్కారం ఇచ్చింది ఊరికే కాదు.

అపోహ: "సూదెయ్యడం వస్తే చాలు, ఊళ్ళో డాక్టరే."

వాస్తవం: ఈ మాటకు మన జిల్లాలో ఒక చరిత్ర ఉంది. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపారు. డాక్టరన్నవాడు పల్లెకు రాని కాలంలో అక్కడ ఎందరో యువకులకు ప్రాథమిక వైద్యంలో శిక్షణ ఇచ్చి ఊళ్ళకు పంపారు. వాళ్ళు పెద్దల దగ్గర కూర్చుని, రోగులను చూస్తూ నేర్చుకున్నారు. వాళ్ళకున్న గౌరవాన్ని అడ్డం పెట్టుకుని, మందుల షాపులో కొన్నాళ్ళు నిలబడి, జ్వరమొస్తే సెలైనూ నొప్పంటే స్టెరాయిడ్ సూదీ వేసేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. అర్హత, నమోదు లేకుండా డాక్టరుగా వైద్యం చేస్తే 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నడివయసులో ఈ రంగానికి వచ్చేవాళ్ళు ఆ దారి తొక్కొద్దు.

అపోహ: "నైట్ డ్యూటీలు, మనుషుల్ని ఎత్తడాలు, నీ ఒళ్ళు తట్టుకోదు."

వాస్తవం: పని కష్టమే. అయినా తెల్లవారకముందే లేచి చేపల గంప నెత్తికెత్తుకునే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు ఒళ్ళు కష్టం గురించి. అసలు అడ్డం డబ్బు. మూడేళ్లు సంపాదన ఆగితే ఇల్లెట్లా నడవాలన్న ప్రశ్న పైకి రాదు, వయసు మాట ముందుకొస్తుంది. ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఆ లెక్క: ఫీజు ఎంత, హాస్టలు ఎంత, వేట లేని రెండు నెలలు ఎట్లా.

ఇక చదువయ్యాక ప్రభుత్వ ఉద్యోగానికి వయసు సంగతి. రాష్ట్ర వైద్య శాఖ ఇటీవలి నోటిఫికేషన్లలో గరిష్ఠ వయసు 42, బీసీలకు మరో అయిదేళ్ల సడలింపు. మత్స్యకార కులాలు బీసీ-ఏలో ఉన్నాయి కాబట్టి వాళ్ళకు 47. ముప్పై మూడులో జీఎన్ఎంలో చేరిన మనిషి ముప్పై ఆరుకు బయటికొస్తే, ప్రభుత్వ పోస్టుకు దరఖాస్తు పెట్టడానికి ఇంకా పదకొండేళ్లు ఉంటాయి.